సిరొంచల తహసీల్ ఆఫీసు తొవ్వల ఉన్న ఆన్‌లైన్ సెంటర్ ఎట్లుంటదంటె

మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లాల ఉన్న మా సిరొంచల ఏ దాఖలా (సర్టిఫికెట్) కావాలన్నా ఏ ఫారం నింపాలన్నా తహసీల్ ఆఫీసుకు పోయే తొవ్వల ఒక ఆన్‌లైన్ సెంటర్ ఉన్నది, బోర్డు మీద పైన మరాఠీ, కింద తెలుగు రాసి ఉంటది, పక్కనే చాయ్ హోటల్, ఎవలినడిగినా చూపెడ్తరు. నేను 5కి 4 స్టార్లు ఇస్తున్న. ఆ ఒక్కటి ఎందుకు తీసేసిన్నో కింద చెప్త, అది చిన్న ముచ్చటేం కాదు. కానీ అసలు ఇట్లాంటి దుకాణం మాకు ఇంత అవసరం ఎందుకు పడ్డదో ముందుగాల చెప్పకపోతె హైదరాబాద్‌లనో పుణెలనో ఉండేటోళ్లకు ఈ రివ్యూ అర్థం కాదు. వాళ్లకు ఇదంత ఫోన్‌ల కూసొని చేసుకునే పని.

నేను పుట్టింది గోదావరి అవతల తెలంగాణల, మహదేవపూర్ దిక్కు. పెండ్లయినంక ఇవతలికి వచ్చిన. అటూ తెలుగే ఇటూ తెలుగే, చుట్టరికాలు అన్నీ అటిటు కలిసే ఉంటయి, పండుగొస్తె అందరం కాళేశ్వరం గుడికే పోతం. బ్రిడ్జి దాటితె అయిపాయె. కానీ బ్రిడ్జి దాటంగనే కాగితాలన్నీ మారిపోతయి. అవతల మీసేవ, ఇవతల ఆప్లే సర్కార్. అవతల పట్టాదారు పాస్‌బుక్, ఇవతల సాత్‌బారా. కులం సర్టిఫికెట్ పోయి జాతీచా దాఖలా అయితది, ఇన్‌కం సర్టిఫికెట్ పోయి ఉత్పన్నాచా దాఖలా అయితది, అన్నీ మరాఠీలనే. మా అత్తమ్మకు మరాఠీ మాట్లాడితె సమజైతది గానీ చదవరాదు. నాకు తెలుగు, ఇంగ్లీషు చదవొస్తది, మరాఠీ ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్న. మా పిల్లలు మరాఠీ బడిల చదువుతున్నరు, ఇంట్ల తెలుగు గలగల మాట్లాడుతరు గానీ తెలుగుల వాళ్ల పేరు రాయమంటె రాయలేరు. ఒక్క ఇంట్ల మూడు తరాలున్నం, ఒకరి కాగితం ఇంకొకరం చదవలేకపోతున్నం. అందుకే మాకు ఈ సెంటర్ కావాలె.

ఇంకో సంగతి దూరం. మా జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైననే, అడవి రోడ్డు. నాగపూర్ ఇంకా అవతల, ముంబై అయితె 1000 కిలోమీటర్లు దాటుతది. అదే హైదరాబాద్ 300 లోపే. మా మీద నిర్ణయం చేసేటోళ్లు అంత దూరం ఉంటరు, మా దవాఖాన, మా సరుకులు, మా సంబంధాలు మాత్రం నది అవతల ఉంటయి. ముంబై, పుణె దిక్కు నుంచి ఇక్కడికి నౌకరి మీద వచ్చే సార్లు చానమంది గడ్చిరోలి అంటెనే శిక్ష పడ్డట్టు అనుకుంటరు, ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ అయితదా అని చూస్తరు. వాళ్లకు తెలుగు రాదు, నేర్చుకునేలోపల పోతరు. మహారాష్ట్రల మా తూర్పు దిక్కును విదర్భ అంటరు, అది వెనుకబడ్డదని మొత్తుకునుడు కొత్తది కాదు, 1984లనే దాండేకర్ కమిటీ ఏ ప్రాంతం ఎంత వెనుకబడ్డదో లెక్క తీసి ఇచ్చింది, రాజ్యాంగంల 371(2) ఆర్టికల్ కింద 1994ల విదర్భకు అభివృద్ధి మండలి పెట్టిన్రు, 2020 ఏప్రిల్ 30 తోని దాని గడువు అయిపోయింది. కానీ ఆ విదర్భ ముచ్చట్ల కూడ నాగపూర్ పేరే ఎక్కువ వినబడ్తది, విదర్భకు ఆఖరి కొసన ఉన్న తెలుగోళ్ల సంగతి ఎవలెత్తుతరు? అవతలి దిక్కు బాగుపడ్డదా అంటె అదీ లేదు. 2018ల కేంద్రం వెనుకబడ్డ జిల్లాలకు ఆకాంక్షిత జిల్లాలని పేరు పెట్టి లిస్టు తీసింది, ఇవతల గడ్చిరోలి అందుల ఉన్నది, అవతల భూపాలపల్లీ ఉన్నది. రెండు పెద్ద రాష్ట్రాలు, ఒకదానికి ముంబై, ఒకదానికి హైదరాబాద్, రెండింటి కొసలు వచ్చి మా గోదావరి కాడ కలుస్తయి.

ఇగ సెంటర్ సంగతికొస్త. నడిపేటాయన మా తమ్ముని ఈడుంటడు, నేను తమ్మీ అంటె ఆయన అక్కా అంటడు. తెలుగు ఇంటి పిల్లగాడే, చదివింది మరాఠీ మీడియం, కొన్నేండ్లు అవతల కరీంనగర్ దిక్కు పనిచేసి వచ్చిండట. అందుకే రెండు సర్కార్ల పద్ధతి తెలుసు. వేరే సెంటర్ల మనం చెప్పింది చెప్పినట్టు కొట్టి రసీదు చేతుల పెడ్తరు, రిజెక్ట్ అయినంక మల్ల తిరుగుడు మనదే. ఈయన అట్ల కాదు, ముందుగాల అడుగుతడు, నీకు ఈ సర్టిఫికెట్ దేనికి కావాలె అని. బడికా, ఎలక్షన్‌కా, స్కాలర్‌షిప్‌కా, భూమికా. దాన్నిబట్టి ఏ కాగితం ముందు తీయాలె, ఏది తర్వాత అని తెలుగుల ఒక చీటీ మీద రాసిస్తడు. నేనిచ్చిన నాలుగిట్ల మూడు స్టార్లు ఆ చీటీకే అనుకోండి.

జాతీచా దాఖలా సంగతి చెప్త, మాకు అన్నింటికంటె తిప్పలు పెట్టేది అదే. మహారాష్ట్రల ఎస్సీ వాళ్లకు 1950 ఆగస్టు 10, ఎస్టీకి 1950 సెప్టెంబర్ 6, విముక్త జాతి, సంచార తెగలకు 1961 నవంబర్ 21, ఓబీసీకి 1967 అక్టోబర్ 13, ఈ తేదీల కంటె ముందు నీ తాతముత్తాతలు ఇక్కడ్నే ఉన్నరని రుజువు చూపెట్టాలె. ఈ తేదీలు ఆ తమ్మునికి నోటికొస్తయి. మరి సిరొంచల తాతల నాటి రుజువు ఎట్లుంటదో చూడుండ్రి. 1860ల నిజాం ఈ భాగం ఇంగ్లీషోళ్లకు ఇచ్చిండు, అప్పుడు అప్పర్ గోదావరి అని జిల్లా చేస్తె దానికి మా సిరొంచే కేంద్రం, భద్రాచలం గూడ అందులనే. 1874ల ఆ జిల్లా తీసేసి భద్రాచలం దిక్కు తాలూకాలు మద్రాసుకు, సిరొంచను చాందా జిల్లాకు కలిపిన్రు. సెంట్రల్ ప్రావిన్సెస్ పోయి 1950ల మధ్యప్రదేశ్ అయింది, 1956 నవంబర్ 1 నాడు బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర, 1982 ఆగస్టు 26 నాడు చంద్రపూర్ నుంచి విడగొట్టి గడ్చిరోలి జిల్లా. అంటె మా మామ వాళ్ల నాయిన బడిల పేరు రాయించుకున్న కాగితం మీద మధ్యప్రదేశ్ అని అచ్చు ఉన్నది. అది పట్టుకొని ఒక ఆఫీసుకు పోతె అక్కడి క్లర్కు, బయటి రాష్ట్రంది చెల్లదు అని ముఖం మీద పారేసినంత పని చేసిండు. మా ఆయన మాట్లాడకుంట వచ్చేసిండు, కొట్లాడేంత మరాఠీ ఆయనకు రాదు మరి.

ఈ సెంటర్ తమ్ముడు ఆ కాగితం చూసి, ఇదే అసలు రుజువు అన్నడు. బడిల దాఖల్ ఖారిజ్ రిజిస్టర్ (పిల్లలు చేరింది, పోయింది రాసే పుస్తకం) నకలు తెమ్మన్నడు, భూమిది 1954-55 నాటి అధికార్ అభిలేఖ్ (హక్కుల రికార్డు) తీయించిండు, పుట్టుక చావులు రాసిన కోత్‌వాల్ బుక్కుల దొరుకుతదేమో చూడుమన్నడు, అన్నీ కలిపి, ఆ తాలూకా అప్పుడు మధ్యప్రదేశ్‌ల ఉండె ఇప్పుడు మహారాష్ట్రల ఉన్నది అని మరాఠీల ఒక పేజీ అర్జీ రాసి పైన పెట్టిండు. పని అయింది. ఆ ఒక్క పేజీ అర్జీ రాసుడు వకీలుకు ఇస్తె ఎంత తీసుకుంటడో తెలుసు గద, ఈయన రాసినందుకు తీసుకున్నది మామూలు కూలే. మా వాడకట్టుల ఇంకా మంది ఇదే తీరుగ చేయించుకున్నరు.

పేర్ల గోల గూడ ఉంటది. మనకు ఇంటిపేరు ముందు, మరాఠీ ఫారంల ముందు నీ పేరు, నడుమ తండ్రిదో మొగనిదో, ఆఖరికి ఇంటిపేరు. ఆధార్ల ఒక తీరు, బడి టీసీల ఒక తీరు, బ్యాంకుల ఇంకో తీరు పడ్తది. ఈయన అన్నీ ముందుగాల ఒక దగ్గర పెట్టి పోల్చి చూసి, తేడా ఉంటె మొదలు అది సరిచేయిస్తడు. ఆలస్యం అయితది, నిజమే, కానీ తర్వాత తిప్పలు ఉండది.

అవతలి నుంచి ఇవతలికి పెండ్లయి వచ్చిన ఆడోళ్లు చానమందిమి ఉన్నం గద, మాకు ఈ సెంటర్ల ఒక్క సంగతి మాత్రం మంచిగ విడమరిచి చెప్తరు. పుట్టిన రాష్ట్రంల ఉన్న ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ పెండ్లి చేసుకొని వేరే రాష్ట్రం పోతె అక్కడ చెల్లదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రం పోయినోళ్లకు అక్కడ చెల్లదని 1990లనే సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు వేసింది గూడ ఆంధ్రల పుట్టి చిన్నప్పుడే బొంబాయి వచ్చిన తెలుగాయనే. మా వాడల ఒకామె గ్రామ పంచాయతిల రిజర్వు సీటుకు నిలవడుదామని ఖర్చు గూడ మొదలువెట్టింది, ఈ తమ్ముడు కూసోపెట్టి ఇట్లుంటది అక్కా, నామినేషన్ కొట్టేస్తరు అని ముందే చెప్పిండు. ఆమె చాన బాధపడ్డది. ఏ కులంల పుట్టినమో నది దాటితె మారదు, ఊర్ల చూసే చూపూ మారదు, కాగితం మీద హక్కు మాత్రం నది కాడ ఆగిపోతది. లంబాడోళ్ల సంగతి చూడుండ్రి, అవతల 1976 నుంచి ఎస్టీ, ఇవతల బంజారాలని విముక్త జాతిల పెట్టిన్రు. అన్న అవతల తండల, తమ్ముడు ఇవతల తండల ఉంటె ఇద్దరి పిల్లలకు సీట్లు వేరే, హాస్టల్ వేరే. 2025ల మహారాష్ట్ర బంజారాలు పెద్ద పెద్ద మోర్చాలు తీసింది దీనికోసమే.

ఇప్పుడు చెప్పేది మాత్రం పిల్లలున్న ప్రతి తల్లిదండ్రి చదవాలె. ఈ సెంటర్ గోడ మీద తెలుగుల చేత్తోని రాసి అతికించిన ఒక పెద్ద కాగితం ఉన్నది, పదో తరగతి అయినంక పిల్లల్ని అవతల ఇంటర్ల వేసే ముందు నన్ను అడుగుండ్రి అని. ఎందుకంటె మా దిక్కు కొంచెం చదివే పిల్లలుంటె హన్మకొండ, కరీంనగర్ల ఇంటర్ల వేస్తరు, కోచింగ్ బాగుంటదని. తర్వాత నీట్ రాస్తరు. మహారాష్ట్ర కోటాల ఎంబీబీఎస్ సీటు కావాలంటె పది, పన్నెండు రెండూ మహారాష్ట్రల్నే పాసై ఉండాలె, డొమిసైల్ (ఈ రాష్ట్రం వాళ్లమే అనే సర్టిఫికెట్) గూడ ఉండాలె. తెలంగాణల లోకల్ అనాలంటె ఇంటర్‌తోని కలిపి వరుసగ 4 ఏండ్లు అక్కడ్నే చదివి ఉండాలె, 2025 సెప్టెంబర్ల సుప్రీంకోర్టు గూడ ఆ రూల్ సరైందే అన్నది. అంటె ఇక్కడ పది, అక్కడ ఇంటర్ చదివిన సిరొంచ పిల్ల రెండు దిక్కులా బయటిదే అయితది. మార్కులొచ్చినా స్టేట్ కోటాల లెక్కకు రాదు. ఇట్ల అయినోళ్ల ఇండ్లు నాకు తెలుసు, ఆ పిల్లల ముఖం చూడబుద్ధి కాదు. ఇది ఏ బడిల గూడ సార్లు చెప్పలేదు, ఏ కాలేజోళ్లు అడ్మిషన్ తీసుకునేటప్పుడు చెప్పలేదు, ఒక జిరాక్స్ దుకాణం గోడ మీద చదివి తెలుసుకున్నం. మా పెద్దదాని సంగతిల మేం ముందే అడిగినం గనుక దాన్ని ఇవతలనే పన్నెండు దాకా చదివిస్తున్నం. వేయకముందే అడుగుండ్రి, వేసినంక ఆయనైనా ఏం చెయ్యలేడు.

దవాఖాన సంగతిల గూడ ఇదే తీరు. మా మామకు రాత్రిపూట గుండెల నొప్పి లేస్తె గడ్చిరోలి దాకా పోతమా? బ్రిడ్జి దాటి వరంగల్ దిక్కు ఉరికినం, సిరొంచోళ్లు ఎవలైనా అదే చేస్తరు. అక్కడ ఆరోగ్యశ్రీ ఉన్నది, 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల దాకా, కానీ తెలంగాణ రేషన్ కార్డు ఉన్నోళ్లకే. మాకున్న మహారాష్ట్ర దవాఖాన పథకం, మహాత్మా ఫూలే యోజన, అక్కడ నడవది. మొత్తం బిల్లు చేతి నుంచి కట్టినం, ఒక ఎకరం కుదువ పెట్టి. కర్ణాటక సరిహద్దుల ఉన్న 865 మరాఠీ ఊర్ల వాళ్లకు ఈ ఫూలే యోజన వర్తిస్తదని 2023ల మహారాష్ట్ర సర్కారు నిర్ణయం తీసుకున్నది, మంచి పని, పక్క రాష్ట్రంల ఉన్నా మనోళ్లే అనుకున్నరు. మరి తన రాష్ట్రం లోపలున్న తెలుగు ఊర్లోళ్లు దగ్గరున్న వరంగల్ దవాఖానకు పోతె ఆ కార్డు నడిచేటట్టు చేసుడు అంత కష్టమా అని నేను గట్టిగనే అడుగుతున్న. ఈ తమ్ముడు తర్వాత మా ఇంట్ల అందరికి ఆయుష్మాన్ కార్డులు తీసిండు, ఆ పథకం లిస్టుల ఉన్న దవాఖాన అయితె వేరే రాష్ట్రంల గూడ చెల్లుతది, కాకపోతె అడ్మిట్ కాకముందే ఆ దవాఖానకు ఫోన్ చేసి అడగాలె అని చెప్పిండు. దగ్గర ఉన్న లిస్టు ప్రింట్ తీసి ఇచ్చిండు, మా ఇంట్ల తలుపు ఎనుక అతికిచ్చుకున్నం.

పైసల పథకాల కాడికొస్తె జనం రోజూ పోల్చుకుంటనే ఉంటరు, సెంటర్ బయట బల్ల మీద కూసొని ఇదే ముచ్చట. అవతల రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000. ఇవతల నమో శేత్కరీ 6,000, అదీ ఎకరానికి కాదు, రైతు కుటుంబానికి, దాంతోని పీఎం కిసాన్ 6,000, అది అవతలోళ్లకూ ఉన్నది. ఐదెకరాలోడు రెండు ఒడ్ల మీద ఎంతెంత తీసుకుంటడో మీరే లెక్కేసుకోండి. అవతల 2025 ఏప్రిల్ నుంచి రేషన్ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం. ఇవతల ఆడోళ్లకు లాడ్కీ బహీణ్ పథకం కింద నెలకు 1,500, అవతల మా చెల్లెకు ఆ పైసలు లేవు, నీకు వస్తయి గద అని చెల్లె అంటది, నీకు బస్సు ఉత్తగనే గద అని నేనంట. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడోళ్లకు బస్సు టికెట్ లేదు, మహారాష్ట్ర బస్సులల్ల 2023 మార్చి నుంచి ఆడోళ్లకు సగం టికెట్. మా అమ్మ, నేను కాళేశ్వరం నుంచి ఒక్క సీటుల కూసొని పోతె అమ్మకు జీరో టికెట్, నా ఆధార్ ఇప్పుడు మహారాష్ట్రది గనుక నాకు పూర టికెట్.

లాడ్కీ బహీణ్ ఫారం 2024 జులైల మొదలైనప్పుడు ఈ సెంటర్ ముందట లైను రోడ్డు దాకా ఉండె. మాలాంటోళ్లకు అప్పుడు ఒకటే భయం, పుట్టింది వేరే రాష్ట్రం గద, డొమిసైల్ ఎట్ల అని. చానమంది ఆశ వదులుకొని ఇంట్ల కూసున్నరు. బయటి రాష్ట్రంల పుట్టి మహారాష్ట్రాయనను చేసుకున్న ఆమెకు మొగని బడి టీసీ గానీ పుట్టిన సర్టిఫికెట్ గానీ డొమిసైల్ గానీ చాలు అని తర్వాత జీఆర్ (సర్కారు ఉత్తర్వు) వచ్చింది. పసుపు, కేసరి రేషన్ కార్డు ఉంటె ఉత్పన్నాచా దాఖలా గూడ అక్కర లేదు. ఆ జీఆర్ మరాఠీల ఉన్నది, మాకు ఎట్ల తెలుస్తది? ఈ తమ్ముడే దాన్ని తెలుగుల చెప్పి ఫోన్‌ల రికార్డు చేసి ఊరూరి వాట్సాప్ గ్రూపులల్ల పెట్టిండు. దానికి ఎవ్వలూ ఆయనకు పైస ఇయ్యలేదు. మా ఊర్ల అటు దిక్కు నుంచి వచ్చిన కోడండ్లు ఎందరో ఆ వాయిస్ విని వచ్చి ఫారం నింపిన్రు.

రెండు దిక్కులా పథకాలు దొరికేటోళ్లు గూడ ఉన్నరు మరి, ఇవతలి జివతి తాలూకా, అవతలి కెరమెరి మండలం నడుమ 14 ఊర్లు రెండు రాష్ట్రాలూ మావే అంటయి, అక్కడ రెండు రేషన్ కార్డులు, ఇద్దరు సర్పంచులు, రెండు ఓట్లు గూడ ఉంటయి. వాళ్ల బాధలు వాళ్లకున్నయి, పట్టాలు లేక భూమి తండ్లాట ఉన్నది, వాళ్లను ఏమనను. కానీ ఒక గీత మీద ఉన్నోళ్లకు రెండు సర్కార్లు ఇయ్యవచ్చినయంటె ఇచ్చే తొవ్వ ఉన్నదనే గద అర్థం.

ఇంకా మేడిగడ్డ ముంపు రైతులు. బ్యారేజీ ఇవతలి ఒడ్డు మా సిరొంచ తాలూకా పోచంపల్లి కాడ్నే ఉంటది. 2016 ఆగస్టుల రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ముంబైల సంతకం పెట్టుకున్నరు, 2019 జూన్ 21 నాడు చాలు చేసిన్రు, నీళ్లేమో అవతలి పొలాలకు. 2023 అక్టోబర్ల పిల్లర్లు కుంగినంక దేశమంత మాట్లాడిన్రు ఎన్ని కోట్లు పాయె అని, ఇవతల ఒడ్డు మునిగిన మిరప చేండ్ల గురించి ఎంతమంది మాట్లాడిన్రు? ఆ రైతులు పరిహారం కాగితాలకు ఇక్కడికే వస్తరు. సాత్‌బారా తీయాలె, ఫేర్‌ఫార్ (భూమి పేరు మారిన నమోదు) తీయాలె, అన్నదమ్ముల వాటాలు విడిగ పడ్డయో లేవో చూడాలె, పంచనామా నకలు అడగాలె. నేను పోయిననాడు ఒక ముసలాయన తన భూమి సాత్‌బారా మీద చనిపోయిన అన్న పేరే ఉన్నదని అప్పుడే తెలుసుకొని అట్లనే నిలవడిపోయిండు. తమ్ముడు లైన్ల ఉన్నోళ్లందరిని ఆపి ఆయనకు కుర్చీ వేసి, తలాఠీ (ఊరి భూమి లెక్కలు చూసే ఆఫీసరు) దగ్గర ఏమడగాలె, ఏ ఫారం ఇయ్యాలె అని రెండు సార్లు తెలుగుల చెప్పి, మల్ల ఆయనతోని చెప్పించుకున్నడు. నాకు ఆ ఓపిక నచ్చింది.

కౌంటర్ల ఇంకో పిల్ల ఉంటది, అహేరి దిక్కు పిల్ల, ఆమెకు అడవి ఊర్ల ఆదివాసుల భాష మాడియా గోండి వస్తది. ఇది మంచి పని, ఎందుకంటె మా తెలుగోళ్లకంటె ఎక్కువ తిప్పలు పడేది లోపలి అడవి ఊర్ల నుంచి వచ్చేటోళ్లు, వాళ్లకు మరాఠీ రాదు, తెలుగు గూడ అందరికి రాదు. ఎండకాలం ముందట మిర్చి ఏరనీకి వేలమంది గడ్చిరోలి నుంచి తెలంగాణకు పోతరు గద, వాపస్ వచ్చేటప్పుడు కూలి పైసలు వేలిముద్ర పెట్టి తీసుకునుడు, ఆధార్ అప్‌డేట్ ఇక్కడ చేయించుకుంటరు. ఆ పిల్ల ప్రతి ఒక్కరికి ఎంత తీసినం, ఎంత మిగిలింది అని వాళ్ల భాషల చెప్పి రసీదు చేతికిస్తది. ఇంకో చోట కమీషన్ అని కోసుకొని చేతుల తక్కువ పెట్టింది నేను కండ్లార చూసిన, అందుకే ఇది రాస్తున్న.

ఇగ ఆ ఒక్క స్టారు. మొదటిది, జనం ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు తప్పు పడ్డయి అని ఒక అట్టపెట్టెల పడేస్తరు, ఆ పెట్టె కౌంటర్ బయటనే ఉంటది, ఎవలైనా తీసుకపోవచ్చు. కంప్యూటర్ల గూడ అందరి కాగితాలు అట్లనే ఉంచుతరు. ఇంతమంది నమ్మి ఇస్తున్న కాగితాలు, వాటిని చింపి పారెయ్యాలె, పని అయినంక డిలీట్ చెయ్యాలె. చెప్పిన, చేస్త అక్కా అన్నడు, పోయినసారి చూస్తె పెట్టె ఇంకా అక్కడ్నే ఉన్నది.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. మా చిన్నోని బడి అడ్మిషన్ ఫారం ఇక్కడ నింపించినప్పుడు మాతృభాష కాలంల మరాఠీ అని పడ్డది. నేను చూసి అడిగితె, అందరికి అట్లనే పెడ్తం అక్కా, తొందరగ అయితది, ఎవలూ అడగరు అన్నడు. నాకు కోపమొచ్చింది. మంచి పనులన్నీ చేసే మనిషి, తెలుగు ఇంట్ల పుట్టిన మనిషే అట్ల పెడ్తె ఇగ ఎవలికి చెప్పాలె? పిల్లలకు చిన్న తరగతులల్ల తల్లిభాషల చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని 1956 నుంచి రాజ్యాంగంల 350ఏ ఉన్నది. కానీ ఆ ఏర్పాటు అడగాలంటె ముందుగాల కాగితాల మీద తెలుగు పిల్లలు ఉండాలె గద. అన్ని ఫారాలల్ల మరాఠీ అని పడితె, సిరొంచల తెలుగు పిల్లలే లేరు, తెలుగు పంతులు ఎందుకు అని అడుగుతరు, వాళ్ల తప్పు గూడ ఉండది. 2027ల జనగణన ఉన్నది, అందుల గూడ మాతృభాష అడుగుతరు. మరాఠీ మీద నాకు ఏ కోపం లేదు, మా పిల్లలు అందుల్నే చదివి పెద్దగైతున్నరు, మా పక్కింటి మరాఠీ వహిని (వదిన) నా కాన్పుకు తోడున్న మనిషి. ఉన్నది ఉన్నట్టు రాయాలె, అంతే. నేను గట్టిగ అడిగినంక మా చిన్నోనిది తెలుగు అని మార్చిండు, ఇగ నుంచి అందరిని అడిగి రాస్త అన్నడు. అడుగుతున్నడా లేదా అనేది మీరు పోయినప్పుడు చూసి కింద రాయుండ్రి.

రేట్ల సంగతి, సర్కారు ఫీజు ఎంతో గోడకు అతికించి ఉంటది, తన రాత కూలి దానిమీద ఎంతో ముందే చెప్తడు, పని కాకపోతె కూలి అడగడు. పొద్దుగాల తెరవంగనే పోతె మంచిది, పదకొండు దాటితె తహసీల్ ఆఫీసుకు వచ్చిన జనమంత ఇక్కడ్నే ఉంటరు, సర్వర్ గూడ అప్పటికి మొరాయిస్తది. కూసునేతందుకు జాగ తక్కువ, ముసలోళ్లను తీసుకపోతె చాయ్ హోటల్ల కూసోపెట్టి నంబర్ వచ్చినప్పుడు పిలవండి. ఆధార్‌కు ఏ నంబర్ లింక్ ఉన్నదో ఆ ఫోన్ తప్పకుంట తీసుకపోండి, అవతలి పాత సిమ్ లింక్ ఉండి రీచార్జ్ లేకపోతె ఓటీపీ రాది, పని అక్కడ్నే ఆగుతది. తాతల నాటి కాగితం ఏది దొరికినా, చినిగిందైనా సరే, ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని పోండి. ఫారం సబ్మిట్ కొట్టే ముందు స్క్రీన్ మీ దిక్కు తిప్పుమని మాతృభాష కాలం చూసుకోండి, చూపెట్టుమంటె చూపెడ్తడు.